క్రిస్మస్ తాత ఊళ్లో లెక్కల పరీక్ష

“మామయ్యా, క్రిస్మస్ తాత నిజంగా ఉన్నాడా?”

గుంటూరు నుంచి వీడియో కాల్‌లో మా అక్క కూతురు చిన్ని అడిగింది. ఎనిమిదేళ్లు దానికి. ‘ఉన్నాడమ్మా’ అనబోయేలోపే అసలు సంగతి బయటపెట్టింది. పోయినేడు తలగడ పక్కన దొరికిన గిఫ్టు మీద ‘చిన్నికి, తాత’ అని రాసి ఉందట. ఆ గుడులు అచ్చం వాళ్ల నాన్న పెట్టినట్టే ఉన్నాయట. “నువ్వు ఇంజినీరువి కదా, లెక్క కట్టి చెప్పు. ఊరికే ఉన్నాడని చెప్పకు” అంది. పక్కనే నాలుగేళ్ల తమ్ముడు బుజ్జిగాడు నోరు తెరుచుకుని వింటున్నాడు.

ఆఫీసు పని మీద హెల్సింకీలో ఉంటున్నాను. తాత సొంతూరుగా చెప్పుకునే రొవానియెమి ఇక్కణ్నుంచి ఒక రాత్రి రైలు ప్రయాణం. డిసెంబరు రెండో వారంలో ఓ శుక్రవారం సాయంత్రం స్లీపర్ ఎక్కేశాను.

బెర్తు మీద కూర్చుని లెక్క మొదలుపెట్టా. ప్రపంచంలో పదిహేనేళ్ల లోపు పిల్లలు దాదాపు 200 కోట్ల మంది. కులం, మతం, మార్కులు చూడకుండా తాత అందరికీ ఇస్తాడనుకుందాం. ఇంటికి ఇద్దరు చొప్పున 100 కోట్ల ఇళ్లు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా తొమ్మిది గంటలే టైమ్. కానీ కిరిబాటి దీవుల్లో కొన్నింటి గడియారం అమెరికన్ సమోవా కంటే 25 గంటలు ముందుంటుంది. తూర్పున మొదలెట్టి పడమరకు పోతే మొత్తం 34 గంటలు చేతిలో ఉంటాయి. భాగిస్తే సెకనుకు ఎనిమిది వేల పైచిలుకు ఇళ్లు! మీరు ఒకసారి కనురెప్ప వేసేలోపు రెండు వేలకు పైగా ఇళ్లలో గిఫ్టులు పెట్టేసి వెళ్లిపోవాలన్నమాట. మా సర్వర్ మీద ఒక్కసారిగా అంత లోడు పడితే అర్ధరాత్రి పది మందిని నిద్ర లేపుతారు. ఇక్కడేమో ఒక్క ముసలాయన.

దిగులుగా పడుకున్నా.

గీత కదులుతోంది

పొద్దున రైలు దిగితే మైనస్ 18. జేబులోంచి తీసిన ఫోన్ ఐదు నిమిషాల్లో చచ్చిపోయింది. చలికి లిథియం బ్యాటరీలో రసాయన చర్యలు మందగిస్తాయని పుస్తకంలో చదివాను. అరచేతిలో చూడటం మాత్రం అదే మొదటిసారి.

1944లో వెనక్కి వెళ్లిపోతున్న జర్మన్ సైన్యం ఈ ఊరిని దాదాపు మొత్తం తగలబెట్టేసింది. యుద్ధం అయ్యాక అల్వార్ ఆల్టో అనే ఆర్కిటెక్టు వీధుల ప్లాన్‌ను రైన్‌డీర్ కొమ్ముల ఆకారంలో గీశాడు. స్టేషన్ దగ్గర 8వ నంబరు బస్సెక్కి, ఊరికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న శాంతాక్లాజ్ విలేజ్‌కి వెళ్లాను. 1950లో ఎలినార్ రూజ్‌వెల్ట్ వస్తున్నారని హడావుడిగా కట్టిన చిన్న చెక్క ఇల్లే దీనికి మొదలు. 1985లో విలేజ్ తెరిచారు.

మధ్యలోంచి ఆర్కిటిక్ వృత్తం గీత పోతుంది. అటో కాలు, ఇటో కాలు వేసి అందరూ ఫొటోలు దిగుతున్నారు. నేనూ దిగాను. తమాషా ఏంటంటే అసలు వృత్తం అక్కడ లేదు. భూమి అక్షం వంపు మెల్లగా తగ్గుతోంది కాబట్టి ఆ గీత ఏడాదికి సుమారు 14 మీటర్లు ఉత్తరానికి జరుగుతోంది. నేల మీద గీసిన గీత కదలదు కదా!

పదకొండు కావస్తుంటే సూర్యుడు చెట్ల చివర నారింజ తొన లాగా కనిపించాడు. ఒకటిన్నరకల్లా దిగిపోయాడు. డిసెంబరు 21న కూడా ఇక్కడ రెండు గంటలు కనిపిస్తాడట. గాలి వెలుగును వంచుతుంది కాబట్టి, నిజానికి దిగంతం కింద ఉన్న సూర్యుడు కూడా మనకు పైన ఉన్నట్టే కనబడతాడు. అంటే ఇక్కడి పగలులో కొంత భాగం కంటికి కనిపించే అబద్ధమే. అయినా ఆ వెలుగు నిజమే, దాన్ని చూసి జనం పడే సంబరమూ నిజమే.

భూమికి బ్రేకు వేస్తే

తాత ఆఫీసులో క్యూ తిరుమలను తలపించింది. దర్శనం ఉచితం. ఫొటోకి మాత్రం డబ్బులు, మన కెమెరా తీయనివ్వరు. దారిలో పెద్ద లోలకం, పళ్ల చక్రాలతో ఒక యంత్రం పెట్టారు. భూమి తిరిగే వేగాన్ని తగ్గించే యంత్రమట అది! క్రిస్మస్ రాత్రి దాన్ని వాడి తాత టైమ్ సంపాదిస్తాడట.

నాలోని ఇంజినీరుకి ప్రాణం లేచొచ్చింది. రొవానియెమి భూమితో పాటు గంటకు 665 కి.మీ. వేగంతో తూర్పుకు పోతోంది. మన గుంటూరు భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి 1,600 కి.మీ.తో పోతోంది. తాత సడన్ బ్రేకు వేశాడా, ఇక్కడి వాళ్ల కంటే మనవాళ్లే ముందు బంగాళాఖాతంలో పడతారు, పులిహోర గిన్నెలతో సహా.

పోనీ మెల్లగా ఆపుతాడనుకుందాం. వేగం సగానికి తగ్గించాలంటే భూమి తిరుగుడులో ఉన్న శక్తిలో ముప్పావు వంతు ఎక్కడికో పంపించాలి. ప్రపంచం మొత్తం ఇప్పుడు వాడుతున్న లెక్కన అది పాతిక కోట్ల ఏళ్లకు పైగా సరిపోతుంది. అదంతా వేడిగా మారితే తాత గడ్డం సంగతి పక్కన పెట్టండి, ధ్రువాల మంచే మిగలదు.

నిజంగానే భూమికి బ్రేకు వేసేవాడు ఒకడున్నాడు. చందమామ. ఆటుపోట్ల రాపిడి వల్ల రోజు నిడివి వందేళ్లకు సుమారు 2 మిల్లీసెకన్లు పెరుగుతోంది. అలా ఒక్క గంట కలిసి రావాలంటే దాదాపు 20 కోట్ల ఏళ్లు ఆగాలి. చిన్ని అంత ఓపిక పట్టదు.

బయట రైన్‌డీర్ బండి ఎక్కా. అది నడిచిన వేగానికి నేనే ముందు వెళ్లేవాణ్ని. ఎర్ర ముక్కు కథలో మాత్రం కాస్త నిజముంది. రైన్‌డీర్ ముక్కులో రక్తనాళాల సాంద్రత మనకంటే 25 శాతం ఎక్కువని 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. చలికి ముక్కు గడ్డకట్టకుండా ఆ నెత్తురే కాపాడుతుంది. ఇంకో విశేషం. మగవాటికి చలికాలం మొదట్లోనే కొమ్ములు రాలిపోతాయి, ఆడవాటికి వసంతం దాకా ఉంటాయి. అంటే బొమ్మల్లో కొమ్ములతో కనిపించే తాత బండి గుర్రాలు చాలావరకు ఆడవే అయ్యుండాలి. పండగ రాత్రి చాకిరీ వాళ్లది, పేరు తాతది. మనిళ్లలో జరిగేదే.

గుమ్మంలోంచి వచ్చే తాత

నా వంతు వచ్చింది. తాత “నమస్తే” అన్నాడు. రాత్రంతా కట్టిన లెక్క చెప్పాను. చిమ్నీ గొడవ కూడా చెప్పాను. మా అక్కావాళ్లింట్లో ఉన్నది ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒక్కటే, అందులోంచి బల్లి కూడా దూరలేదు.

ఆయన గడ్డం కదిలేలా నవ్వాడు. “చిమ్నీ అమెరికా వాళ్ల గోల. మా ఫిన్లాండ్‌లో నేను తలుపు కొట్టి గుమ్మంలోంచే వస్తాను. ఇక్కడ మంచి పిల్లలు ఎవరైనా ఉన్నారా అని అడుగుతాను” అన్నాడు.

బయటికొచ్చాక వెలిగింది. ఫిన్లాండ్‌లో 24 సాయంత్రం తాత ఇంటింటికీ స్వయంగా వస్తాడు. ఒక్కో ఇంటికి ఒక్కో తాత. బాబాయో, పక్కింటాయనో ఆ డ్రెస్సు వేసుకుంటాడు. అసలు మా గుంటూరులో మాత్రం? డిసెంబరు రాత్రుల్లో క్యారల్స్ బృందంతో గంతులేస్తూ, ప్లాస్టిక్ మాస్కు పెట్టుకుని చాక్లెట్లు పంచే తాత కూడా గుమ్మంలోంచే కదా వచ్చేది. మాస్కు వెనక ఎవరున్నారో చిన్నప్పుడు చెప్పుల్ని బట్టి పట్టేసేవాళ్లం. అయినా చెయ్యి చాచేవాళ్లం.

లెక్కలో తప్పు భాగహారంలో లేదు. తాత ఒక్కడే అనుకోవడంలో ఉంది. 100 కోట్ల ఇళ్లకు 100 కోట్ల మంది తాతలైతే, ఒక్కొక్కరికి ఒక్క ఇల్లు, ఒక్క రాత్రి. భూమికి బ్రేకు అక్కర్లేదు. మా ఉద్యోగాల్లో దీన్నే డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్ అంటాం.

కాఫీ షాపులో ఫోన్ చార్జింగ్ పెట్టి చిన్నికి కాల్ చేశాను. అబద్ధం చెప్పలేదు. లెక్క మొత్తం చెప్పి, ఆఖరి భాగహారం దాంతోనే చేయించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. కళ్లు మాత్రం నిండినట్టు అనిపించాయి. తప్పు చేశానేమో అని నా గుండె జారింది.

“అంటే మా ఇంటికి నాన్నే తాత” అంది.

“అవును బంగారం.”

ఫోన్ పట్టుకుని వేరే గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. “అయితే మామయ్యా, బుజ్జిగాడికి చెప్పకు. వాడింకా చిన్నోడు. వాడికో కార్డు పంపు, తాత పంపినట్టు.”

విలేజ్ పోస్టాఫీసులో రెండు రకాల పెట్టెలున్నాయి. ఒకదాంట్లో వేస్తే ఉత్తరం వెంటనే బయల్దేరుతుంది. ఎర్రదాంట్లో వేస్తే క్రిస్మస్‌కి అందేలా దాచి పంపుతారు. ఆర్కిటిక్ వృత్తం ముద్ర పడే కార్డు ఒకటి కొని పెన్ను తీశాను. అంతలో చిన్ని నుంచి వాయిస్ మెసేజ్.

“మామయ్యా, నీ చేతిరాతతో రాయొద్దు. వాడు కూడా పోలుస్తాడు.”

కౌంటర్లో ఎర్ర టోపీ పెట్టుకున్న అమ్మాయికి పెన్ను ఇచ్చి, గుంటూరు అడ్రసు ఒక్కో అక్షరం చెప్పి రాయించాను.