చూపమన్నదే చూపుతుంది

మొన్న ఒక మిత్రుడు మా ఇంటికి వచ్చేసరికి నేను నల్లటి తెర మీద అక్షరాలు టైపు చేసి ఫొటోలు చూస్తూ ఉన్నాను. ఆయన కాసేపు వెనుక నిలబడి, “ఈ వయస్సులో ఈ తపస్సు ఏమిటండీ మాస్టారూ! మౌసుతో రెండుసార్లు నొక్కితే బొమ్మ తెరుచుకోదా?” అన్నారు. తెరుచుకుంటుంది. ఆ మాటే అన్నాను. కాఫీ కలపడానికి లేచాను, మాట మళ్ళింది. ఆయనకు చెప్పవలసిన సమాధానంలో సగమే చెప్పినట్లనిపించి, మిగిలిన సగం ఇక్కడ రాస్తున్నాను.

నేను వాడే ప్రోగ్రాము పేరు ‘ఫె’. ఆంగ్లంలో మూడే అక్షరాలు: ఎఫ్, ఈ, హెచ్. ఆ భాషలో ఏవగింపును తెలిపే అవ్యయం ఒకటి అచ్చంగా ఇట్లాగే ఉన్నది, మన ‘ఛీ’ వంటిది. పేరు అట్లా ఉన్నా గుణం మంచిది. టామ్ గిల్బర్ట్ మొదట రాసిన ఈ లైనక్సు ప్రోగ్రాముకు ఇరవయ్యేళ్ళు దాటాయి. ఉచితం. ఇప్పటికీ దానిని సరిదిద్దుతూ కాపాడేవారున్నారు. బొమ్మ చుట్టూ బొత్తాల వరుసలు ఉండవు, పక్కన సలహాలు ఉండవు. తెరిస్తే బొమ్మ ఉంటుంది, అంతే.

దీని దగ్గరకు నేను జిజ్ఞాసతో రాలేదు, పారిపోయి వచ్చాను. మా ఆవిడ 2022 మే నెలలో కాలం చేసింది. ఏడాది తిరిగి, సంవత్సరీకాలు ముగిసి, బంధువులందరూ వెళ్ళిపోయిన మరునాటి ఉదయం నా చేతిఫోను తనంతట తానే నాకొక కానుక తయారుచేసి పెట్టింది. ‘ఏడాది క్రిందట’ అని అర్థం వచ్చే శీర్షిక, వెనుక హుషారైన సంగీతం, దాని మీద ఒకటొకటిగా జారిపోయే ఫొటోలు. అన్నీ ఆస్పత్రివి. ముక్కుకు గొట్టం, చేతికి సెలైను సూది, దిండు మీద రాలిన జుట్టు. వాటికి నేపథ్యంగా పెళ్ళి ఊరేగింపులో మోగేటటువంటి చప్పుడు! దానిని తయారుచేసిన సంస్థ పేరు ఇక్కడ అనవసరం. యంత్రానికి తేదీలు తెలుసు, తద్దినాలు తెలియవు. కాని ఆ రోజు మొదలు ఫోను తీయాలంటే చేయి వణికేది.

ఆ వారంలోనే నా పూర్వవిద్యార్థి ఒకడు పలకరించడానికి వచ్చాడు. తరగతిలో ఛందస్సు అంటే బల్ల కిందకు దూరినవాడు, ఇప్పుడు కంప్యూటర్లతో బ్రతుకుతున్నాడు. సంగతి విని, అటక మీది పాత కంప్యూటరును దింపించి, దుమ్ము దులిపి, అందులో లైనక్సు ఎక్కించాడు. ఫోనులో ఉన్నవీ, ఆల్బముల నుండి స్కాను చేయించినవీ కలిపి 612 ఫొటోలను ఒక ఫోల్డరులో పోశాడు. “మాస్టారూ, మీరు చెప్పింది తప్ప ఇంకేమీ చేయనిది ఒకటి ఉన్నది. కాని చెప్పడం మీరు నేర్చుకోవాలి” అన్నాడు. ముప్పయ్యేళ్ళు చెప్పడమే వృత్తిగా ఉన్నవాడిని నేను.

నేర్చుకోవడం నిజానికి కష్టం కాలేదు. ఆదేశం అంటే ఒక వాక్యమే. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, ఇక్కడ మొదట వస్తుంది: ‘ఫె’ అన్నది క్రియ, దాని వెనుక వచ్చే ఫోల్డరు పేరు కర్మ. కర్త? ‘నీవు’ అనేది విధ్యర్థంలో చెప్పకుండానే తెలుస్తుంది గదా! నడుమ అడ్డుగీత పెట్టి రాసే ఒంటి అక్షరాలున్నవే, అవి విశేషణాలు. నాకైతే పాణిని అనుబంధాలు గుర్తుకు వచ్చాయి. ప్రత్యయానికి తగిలించిన ఒక్క హల్లు ధాతువుకు గుణం రాకూడదని శాసించినట్లే, ఇక్కడ పెద్ద ఎఫ్ తగిలిస్తే బొమ్మ తెరనిండా పరుచుకుంటుంది. పెద్ద డి పెట్టి అంకె వేస్తే అన్ని సెకన్లకొకసారి తనంతట తాను బొమ్మ మారుస్తుంది. నేను 8 వేస్తాను. చిన్న ఆర్ వేస్తే ఫోల్డరులోని లోపలి ఫోల్డర్లలోకి కూడా వెళ్ళి వెతుకుతుంది.

మొదటి రోజుల్లో ఏ అక్షరమూ తగిలించక తెరిచాను. స్కాను చేసిన ఫొటోలు మరీ పెద్దవి కావడం వల్ల కిటికీలో కొంతభాగమే కనిపించింది: మా మామగారి భుజం, పందిరి రాట, ఎవరిదో చెయ్యి. ఎఫ్ పెట్టిన తరువాత గాని పెళ్ళి మొత్తం కనబడలేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. దీనికి పెద్దబడి అక్షరం వేరు, చిన్నబడి వేరు. పెద్ద జెడ్ చిన్న బొమ్మను తెరకు సరిపడా పెంచుతుంది. చిన్న జెడ్ వరుసను పేకముక్కల వలె కలిపేస్తుంది. ఒకనాడు ఈ రెండింటినీ తారుమారు చేసి, పెళ్ళి ఫొటో వెనుక షష్టిపూర్తి, దాని వెనుక అమ్మాయి బారసాల వస్తుంటే బిత్తరపోయాను. మనకు పెద్దబడి లేకపోయినా హ్రస్వదీర్ఘాలున్నవి. ‘పలు’ అనవలసిన చోట ‘పాలు’ అన్న పిల్లవాడికి మార్కులు తగ్గించినవాడిని, నాకు నేనే తగ్గించుకున్నాను.

వరుస విషయమే అన్నిటికంటె ఎక్కువ శ్రమపెట్టింది. పెద్ద ఎస్ పెట్టి కాలక్రమాన్ని కోరవచ్చు. కాని దానికి తెలిసిన కాలం ఫైలు చివరిసారి మారిన కాలమే. 1985లో మా పెళ్ళి, 2003లో రాజమహేంద్రవరంలో గోదావరి పుష్కరస్నానం, రెండూ స్కాను చేయించిన ఆ ఒక్క ఆదివారం నాటివే దాని లెక్కలో! అందువల్ల ప్రతి ఫైలు పేరుకు ముందు సంవత్సరం, తరువాత సంఖ్య వేసుకుంటూ వచ్చాను. పేరు వరుసలో పెట్టమంటే ఒకటి తరువాత పది, పదకొండు వచ్చి, ఆ పిమ్మట రెండు వచ్చింది. అక్షరాన్ని అక్షరంగా పోల్చే నిఘంటు పద్ధతి ఇది, తప్పనడానికి లేదు. మనిషి లెక్కపెట్టినట్లు పెట్టమనడానికి వేరే మాట ఉన్నది: ‘వెర్షన్ సార్ట్’. ఒంటి అక్షరానికి ఒక అడ్డుగీత, ఇటువంటి పూర్తి మాటకు రెండు. 612 పేర్లు మార్చడానికి నాకు దాదాపు రెండు నెలలు పట్టింది. పనికోసం పట్టిన కాలం కాదది. ఒక్కొక్క ఫొటోకు సంవత్సరం తేల్చాలంటే, అప్పుడు ఏ ఇంట్లో ఉన్నామో, ఆ చీర ఎప్పుడు కొన్నామో తలుచుకోవాలి గదా. అవి తేదీలతో సహా గుర్తున్న మనిషి ఆ ఫొటోల్లో ఉన్నది.

బొమ్మ క్రింద వ్యాఖ్య కూడా చూపించవచ్చునని తెలిసి సంబరపడ్డాను. బొమ్మ పేరుతోనే ఒక చిన్న అక్షర ఫైలు రాసి, అవి ఏ ఫోల్డరులో ఉన్నాయో చెప్పితే చాలు. ఎంతో మురిపెంగా ‘గోదావరి పుష్కరం’ అని రాశాను. ముందు డబ్బాలు వచ్చాయి. తెలుగు ఖతి పేరు చెప్పిన తరువాత అక్షరాలైతే వచ్చాయి గాని, షకారం క్రింద ఒదిగి ఉండవలసిన ఒత్తు పక్కన పూర్తి కకారమై కూర్చున్నది, నడుమ పొల్లు ఒంటరిగా నిలబడింది. ఈ ప్రోగ్రాము అక్షరం పక్కన అక్షరం పేర్చుతుంది, సంయుక్తాక్షరం కట్టదు. కళ్ళ ఎదుట ఒత్తులు విరిగిపడుతుంటే తెలుగు పండితుడు భరించగలడా? వ్యాఖ్యలు మానుకున్నాను. సెలవులకు వచ్చినప్పుడు మనవరాలు పక్కన కూర్చుంటుంది, వ్యాఖ్యలు నోటితోనే చెబుతాను. “తాతయ్యా, అమ్మమ్మకు అప్పుడు జడ అంత పొడవా?” వంటి ప్రశ్నలకు ఫైలులో సమాధానం పట్టదు కూడా.

ఇక నేను మిత్రునికి చెప్పని సగం.

ఆ 612లో ఆస్పత్రి ఫొటోలు తొమ్మిది. వాటిని చూడలేను. ఫోల్డరు తెరిచిన ప్రతిసారీ చివరకు అవి వస్తాయి. ఫెలో ‘డిలీట్’ మీట నొక్కితే ఆ బొమ్మ వరుసలో నుండి తొలగుతుంది. ఫైలు డిస్కు మీద భద్రంగానే ఉంటుంది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ వస్తుంది. ‘కంట్రోల్’ పట్టుకొని అదే మీట నొక్కితే మాత్రం ఫైలే పోతుంది. చెత్తబుట్టలోకి వెళ్ళడం కాదు, పోవడమే. రెంటికీ తేడా ఒక్క వేలు.

2023 కార్తికమాసంలో ఒక రాత్రి నిద్రపట్టక చూస్తూ కూర్చున్నాను. ఆస్పత్రివి మొదలయ్యాయి. డిలీట్ నొక్కాను, నొక్కాను, ఆరు తొలగాయి. రేపు మళ్ళీ వస్తాయి గదా అన్న కోపం ఎక్కడి నుండి వచ్చిందో, మిగిలిన మూడింటికి కంట్రోల్ కలిపి నొక్కాను. పొరపాటున కాదు. తెలిసే నొక్కాను.

దీనికి మంచి ఉపాయం ఉన్నదని తరువాత తెలిసింది. చిన్న ఎఫ్ పెట్టి ఒక జాబితా పేరు ఇస్తే, ఫె ఆ జాబితాలోని ఫొటోలనే, ఆ వరుసలోనే చూపుతుంది. ముగించేటప్పుడు జాబితాను తిరిగి రాసి పెడుతుంది. అంటే ఉత్త డిలీట్‌తో ఒకసారి తొలగించినది ఆ జాబితాలోకి మరి రాదు, ఫైలు మాత్రం క్షేమం. జాబితా అనేది పంక్తికొక ఫైలు పేరున్న మామూలు అక్షర ఫైలు. చేత్తో దిద్దుకోవచ్చు, వరుస మార్చుకోవచ్చు. ఈ సంగతి నాకు ఒక్క నెల ముందు తెలిసి ఉంటే!

సంక్రాంతికి అమ్మాయి వచ్చింది. భోగినాటి సాయంత్రం అందరం కూర్చుని చూస్తున్నాము. పూర్తయిన తరువాత, “నాన్నా, ఆస్పత్రిలో అమ్మ మంచం మీద కూర్చుని దీనికి జడ వేసింది చూడు, ఆ ఫొటో ఏదీ?” అని అడిగింది. నాకు వెంటనే తోచలేదు. ఆ మూడింటిలో ఒకదానిలో పిల్ల వీపు ఇటువైపు ఉన్నమాట నిజమే. నేను సూది గుచ్చిన చేతిని చూశాను. ఆ చేయి ఏమి చేస్తున్నదో చూడలేదు.

“తీసేశానమ్మా” అన్నాను.

“వరుసలో నుంచా?”

“కాదు తల్లీ.”

అది తీసిన ఫోను కాలువలో పడిపోయి ఏడాదిన్నర దాటింది. అమ్మాయి ఏమీ అనలేదు. కొంతసేపటికి లేచి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడు రోజుకంటె ఎక్కువే వినిపించింది. మరునాడు ఉదయం తానే వచ్చి మిగిలిన ఆరింటిని చూపించమన్నది. నేను ఆదేశం టైపు చేసి ఇచ్చి, కుర్చీ ఆమెకు వదిలి పెరట్లోకి వెళ్ళాను. తాను రెండు జాబితాలు కట్టింది. ఒకదానిలో అన్నీ ఉంటాయి. రెండవది నాకు.

తాళపత్రాలు పరిష్కరించే పెద్దలు ఆకు విరిగి కొన్ని అక్షరాలు పోయినచోట కథను అతికించి దాటిపోరు. చుక్కలు పెట్టి ‘గ్రంథపాతం’ అని చూపిస్తారు. అన్నీ ఉన్న జాబితాలో 2022 వరుసలోకి ఆ మూడు పేర్లనూ నేనే తిరిగి రాశాను. లేని ఫైలు పేరు జాబితాలో ఉంటే ఫె ఆగిపోదు. అటువంటి ఫైలు లేదని నల్లటి తెర మీద ఒక హెచ్చరిక రాసి తరువాతి దానికి వెళుతుంది. ముగిసేటప్పుడు లేనివాటిని జాబితాలో నుండి తీసివేస్తుంది గనుక, మూలప్రతిని వేరుగా దాచి నకలుతోనే నడిపిస్తున్నాను.

ఈ వేసవిలో అమ్మాయి వచ్చి ఆ హెచ్చరిక చూసి, “ఇవి ఎందుకు నాన్నా ఇంకా?” అన్నది. మనవరాలు తెర మీది ఆంగ్లాన్ని కూడబలుక్కుంటూ చదివి, జడ సంగతి తనకు గుర్తున్నదని, అమ్మమ్మ రిబ్బను చాలా వదులుగా కట్టిందని చెప్పింది.