ఊరికే వచ్చిన సలహా

మన శ్రీరాంపూర్‌లో నెలాఖరు వచ్చిందంటే ఏదో ఒక గనిమీద ఎవరో ఒకరికి శాలువా కప్పి సాగనంపుతారు. ఆ శాలువా మడత విప్పకముందే ఇంటికి సలహాలు వస్తాయి. గ్రాట్యుటీ ఎక్కడ పెట్టాలో, పీఎఫ్ ఎక్కడ దాచాలో చెప్పేవారు వాకిట్లో చెప్పులు విడుస్తారు.

మా బావగారు 35 సంవత్సరాలు బొగ్గుగనిలో పనిచేసి 2024 జూన్‌లో రిటైరయ్యారు. సింగరేణిలో చేరకముందు ఆయన ఒక సిమెంటు ఫ్యాక్టరీలో అయిదేండ్లు పనిచేశారు. అప్పట్లో ఫ్యాక్టరీ కార్మికుల పీఎఫ్ 1952 చట్టం కింద ఉండేది. బొగ్గుగనుల పీఎఫ్ 1948 చట్టం కిందిది. నిధులు వేరు, కార్యాలయాలు వేరు. ఈ సంగతి తెలియక చాలామంది పాత పైసలు అడగనే అడగరు.

ఆ పాత పైసలు ఇప్పిస్తానని ఒకాయన వచ్చి నూటికి పది అడిగాడు. ఇంట్లో అందరికీ కోపం వచ్చింది. మరునాడు ఒక ఇన్సూరెన్సు ఏజెంటు వచ్చి, “అన్నా, నాకు ఒక్క పైసా ఇయ్యొద్దు” అన్నాడు. ఏటా 2 లక్షల చొప్పున అయిదేండ్లు కట్టే పాలసీ చూపించాడు. బావగారు సంతోషంగా సంతకం పెట్టారు. మా అక్క మాత్రం ఒక్క మాట అడిగింది: “మరి నీ ఇల్లు ఎట్ల గడుస్తది తమ్మీ?” అతడు నవ్వి ఊరుకున్నాడు.

పాలసీ కాగితాలు వచ్చాక నేను కూర్చుని చదివాను. ఏజెంటుకు కమీషను కంపెనీయే ఇస్తుంది. కాని అది మనం కట్టే ప్రీమియంలోంచి వచ్చేదే. మధ్యలో మానుకుంటే కట్టినదంతా తిరిగి రాదు. జీతం ఆగిపోయిన మనిషి ఏటా 2 లక్షలు ఎక్కడనుండి తెస్తాడు? 1998 పథకం కింద వచ్చే బొగ్గుగనుల పింఛనుకు కరవు భత్యం లేదు. బియ్యం ధర పెరిగినా ఆ పింఛను పెరగదు. గ్రాట్యుటీయే వారికి చివరి ఆధారం.

పాలసీ చేతికి వచ్చిన 30 రోజుల్లోపు వద్దని రాసిచ్చే హక్కు మనకుంది. బావగారు పన్నెండో రోజున రాసిచ్చారు. స్టాంపు ఖర్చులవంటివి కొద్దిగా తగ్గించుకొని మిగతా సొమ్ము తిరిగి ఇచ్చారు. దానిని పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో వేశారు. 2004లో మొదలైన ఆ పథకంలో 2023 నుండి 30 లక్షల వరకు పెట్టవచ్చు. మూడు నెలలకొకసారి వడ్డీ చేతికి వస్తుంది. పాత పీఎఫ్ కొరకు ఆయనే స్వయంగా అర్జీ పెట్టారు. అర్జీకి రుసుము లేదు. బస్సు ఛార్జీలు, జిరాక్సులే ఖర్చు. నాలుగుసార్లు తిరిగాక పైసలు ఖాతాలో పడ్డాయి.

సలహా చెప్పి డబ్బు తీసుకోవడం తప్పు కాదు. తెలివికీ శ్రమకీ కూలి ఉండవలసిందే. అయితే ఆ కూలి ఎంతో ముందే తెలియాలి. సెబీ 2013లో చేసిన నియమాల ప్రకారం, నమోదైన పెట్టుబడి సలహాదారు మననుండి రుసుము తీసుకుంటాడు. తాను సలహా ఇచ్చిన పథకాలపై మన సొమ్ములోంచి కమీషను తీసుకోకూడదు. ఎవరైనా “నూటికి రెండే” అంటే చిన్న మొత్తమనుకోకండి. 10 లక్షలమీద ఏటా నూటికి రెండంటే 20,000 రూపాయలు. అయిదేండ్లకు లక్ష.

ప్రియ చదువరులారా, సంతకం పెట్టేముందు ఇంటి ఇల్లాలిని, చదువుకున్న బిడ్డలను పక్కన కూర్చోబెట్టుకొనండి. “దీనిలో మీకేమి వస్తుంది?” అని వచ్చినవారిని నెమ్మదిగా అడగండి. జవాబు కాగితంమీద రాసి ఇమ్మనండి. తెలిసినవాడు, రోజూ ఎదురయ్యేవాడు అని మొగమాటపడవద్దు. ఆ డబ్బు వెనుక 35 సంవత్సరాల గని చీకటి ఉన్నది.