లోణారు సరస్సు

రుక్మిణీదేవికి పుట్టినిల్లయిన విదర్భదేశమున, నేటి మహారాష్ట్రలోని బుల్ఢాణా జిల్లాయందు లోణారను నొక చిన్న యూరు కలదు. మేము సికింద్రాబాదున రైలెక్కి, నిజామాబాదు, నాందేడుల మీదుగా జాల్నాలో దిగి, అచ్చటినుండి బస్సులో లోణారు చేరితిమి. ఊరి చివరకు పోవునప్పటికి నేల ఒక్కసారిగా ముగిసినట్లయ్యెను. మా పాదములకు ముందు గుండ్రని పెద్ద మూకుడువంటి గుంట, దాని యడుగున పచ్చని నీరు! ఈ మూకుడు ఒక యంచునుండి మరియొక యంచునకు సుమారు 1.8 కిలోమీటర్లు, లోతు సుమారు 140 మీటర్లు.

దిగు త్రోవలో గోముఖమునుండి ధార యెడతెగక పడుచుండును. ఆ నీరు తియ్యనిది. అడుగునకు దిగి సరస్సు నీటిని వ్రేళ్లతో తాకితిమి. సబ్బు కలిపినట్లు జారెను. అందు ఉప్పును, క్షారమును మిక్కుటము. గాజునకును సబ్బునకును కావలసిన ద్రవ్యములు ఇచ్చట దొరకునని అక్బరు కాలపు ఐన్-ఇ-అక్బరీలోనే వ్రాసియున్నారు. 2020 జూన్ నెలలో ఈ నీరంతయు గులాబిరంగునకు మారగా జనులు విస్తుపోయిరి. నీరు తగ్గి ఉప్పు హెచ్చినపుడు పెరుగు సూక్ష్మజీవులే దానికి కారణమని పరీక్షించినవారు తేల్చిరి.

ఈ గుంట యెట్లేర్పడినది? ఊరివారి కథ యిది: లవణాసురుడను రాక్షసుడు భూమిలోపల దాగి లోకులను బాధించుచుండగా, విష్ణుమూర్తి వచ్చి ఆ బిలము మీది మూతను ఎగురగొట్టి వానిని సంహరించెనట. ఊరిలోని దైత్యసూదనాలయము ఆ స్వామిదే. గోడలపై శిల్పములు చూడదగినవి.

శాస్త్రజ్ఞుల మాట వేరు. ఆకాశమునుండి ఒక గ్రహశకలము మహావేగముతో వచ్చి ఇచ్చటి నల్లరాతి నేలను తాకినదని వారు చెప్పుదురు. ఆ దెబ్బకు రాయి కరగి గాజైనది. అట్టి గాజును, నలిగిన రాతిని పరీక్షించి 1973వ సంవత్సరమున ఈ సంగతి స్థిరపరచిరి. జరిగి యెన్నియో వేల యేండ్లయినది. ఐదు లక్షల యేండ్లకు పైబడినదని యొక లెక్క. వచ్చిపడిన రాయి మాత్రము ఈ గుంటలో చాల చిన్న భాగమంతయే. దాని వేగమే యింత పని చేసినది.

ఒడ్డున నిలిచినవారికి ఒక ప్రశ్న తోచకమానదు. ఇట్టిది మరల వచ్చినచో మన యిండ్లు, పిల్లలు ఏమగుదురు? ఇది ఊరక కలిగిన భయము కాదు. 2013 ఫిబ్రవరి 15వ తేదీ ఉదయమున రష్యాలోని చెల్యాబిన్స్క్ పట్టణముపై సుమారు 20 మీటర్ల రాయి గాలిలోనే ప్రేలినది. సూర్యుని వైపునుండి వచ్చుటచే ముందుగా ఎవరికంటను పడలేదు. సుమారు 1500 మంది గాయపడిరి. వారిలో పెక్కురకు తగిలినది రాయి కాదు, కిటికీ అద్దముల ముక్కలు. వెలుగు చూచి వింతగా కిటికీకడకు పరుగెత్తిరి. రెండు నిముషములు దాటిన పిమ్మట ప్రేలుడు తాకిడి వచ్చి అద్దములను పగులగొట్టినది. ఒక పాఠశాలలో ఉపాధ్యాయిని మాత్రము తన పిల్లలను బల్లలక్రింద దాగుడని ఆజ్ఞాపించినది. పిల్లలకు గీత పడలేదు. ఆమె చేతికే గాయమైనది.

అట్లయిన లోణారు వంటి దెబ్బను ఆపవచ్చునా? రెండు పనులు కావలయును: ముందుగా చూచుట, ప్రక్కకు నెట్టుట. చూచుట నేడు ప్రతిరాత్రియు దుర్భిణులతో జరుగుచున్నది. 2024 డిసెంబరులో కనుగొన్న ఒక శకలము 2032లో భూమిని తాకుటకు నూటికి మూడు వంతుల యవకాశమున్నదని 2025 ఫిబ్రవరిలో లెక్కకు వచ్చినది. ఇంకను గమనింపగా ఆ నెలలోనే భూమికి ఆ యపాయము లేదని తేలినది.

నెట్టుట కూడ ఒకమారు పరీక్షింపబడినది. అమెరికావారు పంపిన డార్ట్ అను నౌక 2022 సెప్టెంబరు 26న, సుమారు 160 మీటర్ల డిమోర్ఫస్ అను శకలమును గంటకు 22 వేల కిలోమీటర్ల వేగముతో ఢీకొన్నది. దానివలన మనకు భయమేమియు లేదు. పరీక్షకే దానిని ఎన్నుకొనిరి. అది తన జంట శకలమును చుట్టివచ్చుటకు పూర్వము 11 గంటల 55 నిముషములు పట్టెడిది. దెబ్బ పిదప అరగంటకు పైగా తగ్గినది. ఈ నౌకకు ప్రధాన వ్యవస్థల ఇంజనీరు ఎలీనా ఆడమ్స్ అను స్త్రీ యని చదువరులు గర్వింపవచ్చును. అయితే నెట్టుట కొన్ని యేండ్లు ముందుగా జరుగవలెను. దూరమున నుండగా కొద్దిపాటి మార్పు చాలును. గుమ్మము ముందరకు వచ్చిన పిమ్మట ఏ బలమును చాలదు. కాబట్టి చూచుటయే రక్షణలో పెద్ద పాలు.

సోదరీమణులారా! చిన్న రాళ్లు చెప్పకయే రావచ్చును. ఆకాశమున కన్నులు చెదరు వెలుగు కనబడినచో కిటికీకడకు పోరాదనియు, అద్దములకు దూరముగా వంగి కూర్చుండవలెననియు పిల్లలకు నేర్పుడు. 2029 ఏప్రిల్ 13న అపోఫిస్ అను పెద్ద శకలము భూమికి సుమారు 32 వేల కిలోమీటర్ల దూరమున సాగిపోవును, తాకదు. ఆనాడు ప్రళయము వచ్చునని యెవరైన బెదరించినచో, లెక్కలు కట్టి చూచినవారు కలరని ధైర్యము చెప్పుడు. తెలిసిన యిల్లాలు గల యింట వదంతికి చోటు లేదు.