పళ్ల లెక్క ఒక్కటే చాలదు

సౌత్ బెండ్ 9 అంగుళాల పాత లేత్‌కి గేర్ విరిగిందా? పళ్లు లెక్కపెట్టి కొనేయకండి. దాని చేంజ్ గేర్ల డయామెట్రల్ పిచ్ 18, ప్రెషర్ యాంగిల్ 14.5 డిగ్రీలు. ఇప్పుడు కొత్తగా దొరికేవి ఎక్కువగా 20 డిగ్రీలవి. పళ్ల సంఖ్య కలిసినా పంటికి పన్ను సరిగ్గా కూర్చోదు, మోత మోగిస్తూ పక్క గేర్‌నీ అరగదీస్తుంది. బెడ్ మీద టెయిల్‌స్టాక్ వైపు కొట్టిన సీరియల్ నంబరు రాసుకుని, దానికి సరిపోయే గేర్ వెతకండి.

అన్నట్టు, ఈ లేత్ స్పిండిల్‌కి నూనె అందించే ఫెల్ట్ వత్తులు ఎండిపోయి ఉంటే మోటారు అస్సలు వేయొద్దు. వత్తులు చవక, గీతలు పడ్డ స్పిండిల్‌ని బాగుచేయడం మాత్రం చాలా ఖర్చు.

ఇలాంటి మిషన్లు తుక్కుకి పోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మీ షెడ్డులో ఒకటుంటే, విడిభాగాల కోసమైనా సరే, పనిచేసేవాళ్ల చేతికివ్వండి.