కళ్లు లేనాయన కనిపెట్టింది

నిన్న హైవే ఎక్కగానే మా బావ క్రూజ్ కంట్రోల్ నొక్కి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, తనే కనిపెట్టినట్టు నావైపు చూశాడు. "దాన్ని కనిపెట్టినాయనకి చూపు లేదు బావా" అన్నాను. నమ్మితేగా!

ఆయన రాల్ఫ్ టీటర్. అమెరికాలో ఇండియానా వాడు. అయిదేళ్లప్పుడు ప్రమాదంలో చూపు పోయింది. అయినా ఇంజనీరింగ్ చదివాడు, పిస్టన్ రింగుల కంపెనీకి అధ్యక్షుడయ్యాడు. ఆయన లాయరు కారు నడుపుతూ మాట్లాడినంతసేపూ నెమ్మదించేవాడట, ఎదుటివాళ్ల మాట వినేటప్పుడు స్పీడు పెంచేవాడట. (అలాంటివాళ్లు మన ఇంట్లోనూ ఉన్నారు, పేర్లు వద్దు.) పక్కన కూర్చున్న టీటర్‌కి కళ్లకు కనపడకపోయినా ఒంటికి తెలిసేది కదా, ఆ కుదుపు! విసుగెత్తి, వేగాన్ని ఒకేలా నిలిపే యంత్రం మీద పడ్డాడు. 1950లో పేటెంటొచ్చింది. 1958 మోడల్ క్రైస్లర్ కార్లలోకి ఎక్కింది, అప్పటి పేరు 'ఆటో పైలట్'.

ఇదంతా చెబుతుంటే బావ శ్రద్ధగా విన్నాడు. ఓసారి మీటరు చూశాను. తొంభై దగ్గరే ఉంది. క్రూజ్ కంట్రోల్ పుణ్యం.