ఇడ, పింగళ, ఒక ఊదుగొట్టం

"ఊపిరి పీల్చుకునే తీరిక కూడా లేదండీ బాబూ!" అని మనం రోజుకి ఎన్నిసార్లంటామో ఎప్పుడైనా లెక్కపెట్టారా? నేను లెక్కపెట్టాను. ఒక్క సోమవారం నాడే ఏడుసార్లు. పాలబ్బాయితో ఒకసారి, ఫోనులో ఆడపడుచుతో ఒకసారి, "నవల తరువాయి భాగం ఏదమ్మా?" అని అడిగిన సంపాదకులవారితో ఒకసారి. మిగతా నాలుగూ మావారి వాటా. ఎనిమిదోసారి అనబోతుంటే నిజంగానే ఊపిరాడలేదు. గుండె దడదడలాడిపోయింది. వంటింటి గట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించింది. గుండె బాగానే ఉందట. రక్తపోటు మాత్రం గీత దాటి ఒక అడుగు అవతలికి వేసిందట. ఉప్పు తగ్గించమంది, నడవమంది. చీటీ మీద రాయకుండా నోటితో ఇంకొక మాట కూడా అంది. "మీరు ఊపిరి పైపైనే పీలుస్తున్నారు. కాస్త నిదానంగా పీల్చడం నేర్చుకోండి."

నలభై దాటాక ఊపిరి పీల్చడం నేర్చుకోవాలా! పుట్టగానే వీపుమీద ఒక్క చరుపు చరిచి నేర్పేసిన విద్య కదా అది! అయినా భయం ఎంత పనైనా చేయిస్తుంది. మర్నాటి నుంచి పొద్దున్న ఆరింటికల్లా మా కాలనీ హాల్లో జరిగే యోగా క్లాసులో చాప పరిచాను.

మా టీచరుగారికి అరవై దాటాయి. మనిషి సన్నగా, గొంతు మెత్తగా ఉంటుంది. మొదటి వారం కాళ్ళూ చేతులూ వంచడంతో సరిపోయింది. రెండో వారం, "ఈరోజు నాడీశోధన" అన్నారావిడ. "వెన్ను నిటారుగా పెట్టండి. కుడిచేతి చూపుడువేలూ, మధ్యవేలూ మడవండి. బొటనవేలితో కుడిముక్కు మూసి, ఎడమముక్కుతో పీల్చండి. ఇప్పుడు ఉంగరంవేలూ చిటికెనవేలూ కలిపి ఎడమది మూసి, కుడివైపు వదలండి. మళ్ళీ కుడివైపే పీల్చి, ఎడమవైపు వదలండి. అది ఒక చుట్టు. ఊపిరి బిగబట్టకండి, ముక్కు నొక్కేయకండి."

అందరూ ముక్కులు పట్టుకున్నారు. నాకు మాత్రం కిసుక్కున నవ్వొచ్చింది. ఎందుకంటే, అలా ముక్కు పట్టుకున్న మనిషిని చూస్తే నాకు చిన్నప్పటి మా వసారా గుర్తొస్తుంది.

నాన్నగారు సంధ్య వార్చేవారు. పంచపాత్ర, ఉద్ధరిణె ముందు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ముక్కు పట్టుకుని కూర్చునేవారు. ఆ కాసేపూ ఇల్లంతా నిశ్శబ్దం. "ష్! నాన్నగారు సంధ్య వారుస్తున్నారు, చప్పుడు చేయకండి" అంటూ అమ్మ వంటింట్లోంచి వేలు చూపించి బెదిరించేది. ఆయన ఊపిరి బిగబడితే ఇల్లంతా ఊపిరి బిగబట్టేదన్నమాట. ఒకసారి నేను, "నాన్నగారికి ఏదైనా కంపు కొడుతోందా అమ్మా?" అని అడిగి నెత్తిన మొట్టికాయ కూడా తిన్నాను. "అది ప్రాణాయామం. మగవాళ్ళు చేస్తారు" అంది అమ్మ.

మరి ఆడవాళ్ళేం చేస్తారని అడగాలని నాకు తోచలేదు. జవాబు కళ్ళెదుటే ఉండేది. తడికట్టెలు అంటుకోక అమ్మ పొయ్యి ముందు వంగి, ఊదుగొట్టం నోటికి పెట్టుకుని ఊదుతూ ఉండేది. ఊదడం, దగ్గడం, కొంగుతో కళ్ళు తుడుచుకోవడం, మళ్ళీ ఊదడం. అది ఆవిడ ప్రాణాయామం. దానికి ఎవరూ నిశ్శబ్దం పాటించేవారు కాదు.

సరే, క్లాసు సంగతికి వస్తాను. ఎడమవైపు నాడి ఇడ, అది చంద్రుడు, చల్లన. కుడివైపు పింగళ, సూర్యుడు, వేడి. వెన్ను నడిమధ్య నుంచి సుషుమ్న. ఇడాపింగళలు సమానంగా ఉంటే ప్రాణం మధ్యదారిన నడుస్తుందని, మనసు కుదురుతుందని టీచరుగారు చెప్పారు. ఇంటికొచ్చి మావారికి ఇదే వివరిస్తే ఆయన తాపీగా పేపరు మడిచి, "మనింట్లో పింగళ ఎవరో నాకు తెలుసులే" అన్నారు. నాకు కోపం వచ్చింది. కోపం వచ్చాక ఆయన మాట నిజమేననిపించింది కూడాను.

నాకొక పాడు అలవాటుంది. ఎవరైనా ఏదైనా చెబితే పుస్తకాలు తిరగేస్తాను. కఠోపనిషత్తు హృదయానికి 101 నాడులంది. పదిహేనో శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన హఠయోగ ప్రదీపిక 72,000 అంది. శివసంహిత ఏకంగా మూడున్నర లక్షలకి వెళ్ళింది! మన చీరల ధరలకన్నా వేగంగా పెరిగాయి నాడులు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో దయానంద సరస్వతికీ ఇలాంటి సందేహమే కలిగింది. గంగలో కొట్టుకొచ్చిన శవాన్ని ఒడ్డుకి లాగి, కోసి, గ్రంథాల్లో చెప్పిన చక్రాలూ నాడులూ ఉన్నాయేమోనని వెతికారాయన. కనబడలేదు. ఆ పుస్తకాలు చింపి, శవంతోపాటు గంగలోనే పారేశానని తన జీవితకథలో ఆయనే చెప్పుకున్నారు.

చదివి నీరసపడ్డాను. కత్తికి దొరకని నాడుల కోసం తెల్లవారుజామున నిద్ర పాడుచేసుకుంటున్నానా అని. మర్నాడు టీచరుగారిని ఉన్నపళంగా అడిగేశాను. ఆవిడ నవ్వి, "ఇంటికెళ్ళి ఒక చల్లని స్టీలు కంచం ముక్కుకింద పెట్టుకుని ఊపిరి వదిలి చూడమ్మా" అన్నారు.

చూశాను. కంచం మీద రెండు ఆవిరిమరకలు. ఎడమది అరచేయంత, కుడిది అరటిగింజంత! మధ్యాహ్నం మళ్ళీ చూస్తే పెద్దది కుడివైపుకి మారింది. మీరూ చూసుకోండి, ఖర్చేమీ లేదు. మనం రెండు ముక్కులతోనూ సమానంగా పీలుస్తున్నామనుకుంటాం గానీ, చాలామందిలో ఒకవైపు ఎక్కువ, రెండోవైపు తక్కువ ఆడుతుంది. ముక్కు లోపల స్పంజిలాంటి మెత్తని కండ ఉంటుంది. ఒకవైపు అది రక్తంతో ఉబ్బి దారి ఇరుకు చేస్తుంది, రెండోవైపు కుదించుకుని దారి ఇస్తుంది. కొన్ని గంటలయ్యాక వంతు మారుతుంది. దీన్ని 1895లో కైజర్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించాడు. మన స్వరశాస్త్రం వాళ్ళు సూర్యస్వరం, చంద్రస్వరం అని అంతకుముందే వంతులు కట్టి చెప్పారు. యోగుల చంకకింద కర్ర ఉంటుందే, యోగదండం, అది చేయి ఆనించుకోడానికని అనుకునేదాన్ని. ఒక చంకలో ఒత్తిడి పెడితే రెండోవైపు ముక్కు తెరుచుకుంటుందట. పక్కకి తిరిగి పడుకున్నా అంతే, పైనున్న ముక్కు ఆడుతుంది. భోజనమయ్యాక ఎడమవైపు తిరిగి పడుకోమని మా బామ్మ ఎందుకనేదో ఇప్పటికి తెలిసింది. సూర్యనాడి ఆడితే అన్నం అరుగుతుందని ఆవిడ నమ్మకం.

ఇంకో లెక్క నన్ను మరీ ఆశ్చర్యపరిచింది. మనిషి రోజుకి 21,600 సార్లు ఊపిరి తీస్తాడని పాత గ్రంథాలు చెబుతాయి. కాగితం మీద భాగించి చూశాను. నిమిషానికి సరిగ్గా పదిహేను. పెద్దవాళ్ళకి నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై మామూలని ఇవాళ్టి డాక్టర్లు అంటారు. గడియారాల్లేని రోజుల్లో ఎవరు కూర్చుని లెక్కపెట్టారో మహానుభావులు!

ఈ నాడీశోధన చేసేటప్పుడు నాలుగు అంకెలు పీల్చి ఆరు అంకెలు వదిలితే నిమిషానికి ఆరు శ్వాసలే అవుతాయి. ఇక్కడే ఉంది కిటుకు. 2001లో ఇటలీలో బెర్నార్డి అనే వైద్యుడు, ఆయన సహచరులు కలిసి కొందరిచేత లాటిన్ భాషలో మేరీమాత జపమాల చదివించారు, బౌద్ధుల మంత్రం ఒకటి చదివించారు. రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి ఆరుకి దగ్గరగా వచ్చి నిలిచింది. ఆ వేగంలో గుండె లయా, రక్తపోటూ ఊపిరితో జత కలుస్తున్నాయట. మతాలు వేరైనా ముక్కు ఒక్కటే కదండీ!

అప్పుడు నాకు అర్థమైంది. సమతౌల్యం అంటే రెండువైపులా ఎప్పుడూ సమానంగా పనిచేయడం కాదు. ఒకటి పనిచేస్తుంటే రెండోది విశ్రాంతి తీసుకోవడం, తర్వాత వంతు మార్చుకోవడం. మన ముక్కుకి తెలిసిన ఈ న్యాయం మన ఇళ్ళకి తెలియదు. మా ఇంట్లో ఒకే ముక్కు ఏళ్ళ తరబడి ఆడుతోంది. అది నేను. రెండోది హాయిగా పేపరు చదువుకుంటోంది. తప్పంతా ఆయనదే అనను. "మీకు కాఫీ పెట్టడం చేతకాదు, లేవండి" అని వంటింట్లోంచి తరిమింది నేనే. క్లాసుకి వెళ్ళిన మొదటి రోజు ఆయన పాలు పొంగించారు, రెండోరోజు మాడ్చారు. నేను నాలుగు అంకెలు పీల్చి, ఆరు అంకెలు వదిలి, ఊరుకున్నాను. ఇప్పుడు పొద్దుటి కాఫీ ఆయన వంతు. మరీ బాగుంటుందనను గానీ, చేతికి వస్తుంది. అదే పదివేలు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ నెలాఖరుకి అమ్మా నాన్నగారూ ఊరినుంచి వచ్చారు. అమ్మకి కొంతకాలంగా ఆయాసం. "వయసులే" అని దాటేసేది. మా మేడ పన్నెండు మెట్లెక్కడానికి రెండుచోట్ల ఆగింది. ఆగినట్టు తెలియకుండా, గోడమీద బల్లిని చూస్తున్నట్టు నటించింది. నేను ఆవిడ కూతుర్ని కదా, తెలిసిపోయింది. మర్నాడే పెద్ద డాక్టరుకి చూపించాను.

ఒక గొట్టం చేతికిచ్చి గట్టిగా ఊదమన్నారు. "ముప్ఫై ఏళ్ళు ఊదాను నాయనా, ఇదో లెక్కా!" అంది అమ్మ హుషారుగా. ఊదింది. సగంలోనే ఆగిపోయింది. ఆవిడ మొహం చూడలేక నేను కిటికీవైపు తిరిగాను.

"ఇంట్లో ఎవరైనా సిగరెట్లు, చుట్టలు కాల్చేవారా?" అని అడిగాడా కుర్ర డాక్టరు.

"శివశివా! మా ఇంట్లోనా!" అంది అమ్మ.

"కట్టెలపొయ్యి మీద వండేవారా?"

అమ్మ మాట్లాడలేదు. నేనే చెప్పాను. గ్యాసుపొయ్యి వచ్చేసరికి నేను తొమ్మిదో క్లాసని.

చుట్ట ముట్టని ఆడవాళ్ళకి కూడా పొయ్యిపొగ ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరిగొట్టాలు సన్నబడిపోతాయట. పోయింది తిరిగి రాదు గానీ, ఉన్నదాన్ని నిలబెట్టుకోవచ్చన్నాడు. పీల్చే మందు రాశాడు. ఒక అభ్యాసం కూడా చెప్పాడు. ముక్కుతో పీల్చి, పెదాలు గుండ్రంగా చేసి, పీల్చినదానికి రెండింతలసేపు నెమ్మదిగా వదలాలి.

"ఊదుగొట్టం ఊదినట్టా?" అంది అమ్మ. ఆ అబ్బాయికి ఊదుగొట్టం అంటే తెలియదు. అమ్మ చేతులు తిప్పి వివరించింది. "అలాగే గానీ, మంట రాజేసినట్టు కాదమ్మా. వేడిపాలు చల్లార్చినట్టు" అన్నాడు నవ్వుతూ. నాడీశోధన సంగతి నేనడిగితే, ఊపిరి ఎక్కడా బిగబట్టకుండా, హాయిగా ఉన్నంతవరకే చేయించమన్నాడు.

మర్నాడు పొద్దున్నే అమ్మని నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. "ఆడవాళ్ళం ముక్కు పట్టుకోవచ్చటే? మీ నాన్నగారిని అడుగు" అంది. నాన్నగారు కుర్చీలోనే ఉన్నారు. అన్నీ విన్నారు. జవాబేమీ చెప్పలేదు. లేచి లోపలికెళ్ళి, సంధ్యకి తాను కూర్చునే పీట తెచ్చి అమ్మ ముందు వేశారు. "నడుం నిటారుగా పెట్టమను" అన్నారు, నాతో.

ఆవిడకి ముందు ఎడమా కుడీ తికమకపడింది. రెండో చుట్టుకే అలిసిపోయింది. వారం రోజులకి అయిదు చుట్లు, ఆపైన పెదాలతో ఊదడం. జబ్బు నయమైపోయిందని చెబితే అబద్ధమవుతుంది. కానీ మెట్లమీద ఇప్పుడు ఒక్కచోటే ఆగుతోంది. ఆగినప్పుడు బల్లిని చూస్తున్నట్టు నటించడం మానేసింది. పెదాలు గుండ్రంగా చుట్టి, దర్జాగా నిలబడి ఊపిరి తీసుకుని మరీ ఎక్కుతోంది.

నిన్న పొద్దున్న నేను వంటింట్లోంచి ఫోనులో పెద్దగా మాట్లాడుతున్నాను. నాన్నగారు గబగబా వచ్చి పెదవుల మీద వేలు పెట్టుకున్నారు.

"ష్! మీ అమ్మ ఊపిరి పీల్చుకుంటోంది. చప్పుడు చేయకు."