వైద్యుని వ్రాత – యంత్రపు హెచ్చరిక

తలవ్రాతను ఎవరును చదువలేరని మన పెద్దలందురు. వైద్యుని చేతివ్రాతయు అట్టిదేనని లోకము పరిహాసమాడుచుండును. ఆ పరిహాసము వెనుక నున్న భయమును మేము ఎరుగుదుము. బరంపురములో ఒక ఆసుపత్రియందు ముప్పదియైదు సంవత్సరములు గుమాస్తాగా పనిచేసితిమి. వైద్యులు కేసుషీటులో వ్రాసిన మందులను చీటీలోనికి దింపి మందుల గదికి పంపుట మా విధి. మెట్రిక్యులేషనుతో ఆగిన చదువు మాది. వైద్యశాస్త్రము తెలియదు, అక్షరములను పోల్చుకొనుటయే మా విద్య.

1989వ సంవత్సరములో ఒకనాడు ఒక కేసుషీటున ఇన్సులిను మందునకు ఎదురుగా 4 అను అంకెయు, యూనిట్లకు గుర్తుగా 'యు' అను ఆంగ్లాక్షరమును ఉండెను. ఆ అక్షరము పైకొనలు కలిసిపోయి సున్నవలె కనబడెను. మేము 40 అని దింపితిమి. సాయంకాలము వార్డు నర్సు చీటీ చేతబట్టుకొని వచ్చి, “బాబూ, నిన్నటివరకు నాలుగు గదా, నేడు నలుబది యేల?” అని అడిగెను. కేసుషీటు తెరచి చూచితిమి. మా చేతులు వణకినవి. ఆమె మరొక్క మాట అనకుండ చీటీ దిద్దించుకొని వెడలిపోయినది. ఆ రోగి వారము దినములలో నడచి ఇంటికి వెళ్లెను. ఈ సంగతిని మేము ఇంతవరకు ఇంటివారికి సైతము చెప్పియుండలేదు.

ఇట్టి పొరపాట్లు ఒక్క మా చేతనే జరిగినవి కావని తరువాత తెలిసినది. అమెరికాలో 'లాసిక్స్' అను నీరు తీయు మందునకును, 'లోసెక్' అను కడుపులోని ఆమ్లమును తగ్గించు మందునకును పేర్లలో పోలిక వలన గందరగోళము కలుగుచుండగా, 1990లో రెండవదాని పేరునే మార్చవలసివచ్చినది. చికిత్సలోని పొరపాట్ల వలన ఆ దేశపు ఆసుపత్రులలో ఏటేట 44,000 మొదలు 98,000 వరకు మరణించుచుందురని అచ్చటి వైద్యసంస్థ 1999లో అంచనా వేసినది. మన దేశమున నాటి భారత వైద్యమండలి 2016లో, మందుల పేర్లను స్పష్టముగా, వీలయినంతవరకు పెద్ద అక్షరములలో వ్రాయవలెనని నియమము చేసినది.

వ్రాతను దిద్దుట ఒక మార్గము. చేతివ్రాతనే తొలగించుట మరొక మార్గము. ఈ రెండవదియే కంప్యూటరు పద్ధతి. వైద్యుడు స్వయముగా యంత్రమున మందు పేరును, మోతాదును నమోదు చేయును. నడుమ దింపుడు గుమాస్తా ఉండడు. అంతియే గాక, రోగి వయస్సు, బరువు, మూత్రపిండముల స్థితి, వాడుచున్న ఇతర ఔషధములు, పడని మందులు—వీనితో ఆ ఆజ్ఞను పోల్చి, తేడా కనబడినచో యంత్రము హెచ్చరించును. బోస్టను నగరమందలి బ్రిగమ్ ఆసుపత్రిలో ఈ పద్ధతి వలన మందులకు సంబంధించిన తీవ్రమైన పొరపాట్లు నూటికి 55 వంతులు తగ్గినవని 1998లో ప్రకటించిరి.

అయినను యంత్రము వచ్చినంత మాత్రమున క్షేమము రాదు. పిట్స్‌బర్గ్ నగరపు పిల్లల ఆసుపత్రిలో ఈ పద్ధతిని ప్రవేశపెట్టిన పిదప, ఇతర ఆసుపత్రులనుండి తరలింపబడిన పిల్లలలో మరణములు నూటికి 2.80 నుండి 6.57కు పెరిగినవని 2005లో అచ్చటి వైద్యులే వెల్లడించిరి. బిడ్డ ఆసుపత్రికి చేరి పేరు నమోదగువరకు మందులకు ఆజ్ఞ ఇచ్చుటకు వీలులేకపోయెను. మంచము ప్రక్కన ఉండవలసినవారు తెర యెదుట ఉండవలసివచ్చెను. సియాటిల్ నగరపు పిల్లల ఆసుపత్రివారు తరచుగా కావలసిన ఆజ్ఞల పట్టికలను ముందే సిద్ధపరచుకొని పని ప్రారంభించిరి. అచ్చట మరణములు పెరుగలేదని 2006లో తెలిపిరి. యంత్రమున కంటె దానిని తెచ్చిన తీరునకే ఎక్కువ ప్రాధాన్యమని దీనివలన మాకు తోచినది.

మా ఆసుపత్రికి ఈ పద్ధతి 2013లో వచ్చినది. యాబది దాటిన వయసులో మేమును మీటలు నొక్కుట నేర్చితిమి. మొదట యంత్రము ప్రతి చిన్న విషయమునకును హెచ్చరించుచుండెను. 'నాన్నా, పులి' కథలోని పిల్లవాని కేకవలె అది అందరకు అలవాటై, కొందరు వైద్యులు చదువకయే మీట నొక్కి ముందునకు సాగుచుండిరి. కొన్ని నెలలకు అనవసరమైన హెచ్చరికలను తగ్గించిన పిమ్మటనే మిగిలినవానికి విలువ కలిగినది.

మేము 2018లో విరమించితిమి. మరుసటి యేడు మా పినతల్లిగారిని దగ్గు జ్వరములతో మరియొక ఆసుపత్రికి తీసికొనిపోయితిమి. చాలకాలము క్రితము పెనిసిలిన్ సూదిమందు వలన ఆమెకు ఒడలెల్ల దద్దురులు లేచి ఊపిరి ఆడలేదు. మేము డబ్బు కట్టుటకు వేరు వరుసలో నిలిచియుండగా, నమోదు బల్లయొద్ద ఒక కుర్రవాడు పడని మందులున్నవా యని ఒడియాలో అడిగెను. ఆమె తెలుగులో, “నాయనా, సూది నాకు పడదు” అనెను. అతనికి వచ్చినది బజారు తెలుగు. ముసలమ్మ సూదికి భయపడుచున్నదని తలంచి, 'ఏమియు లేవు' అని నమోదుచేసెను.

ఆ రాత్రి నర్సు తెర చూచి ఆంపిసిలిన్ అని పైకి చదివినది. అదియు పెనిసిలిన్ జాతిదే. మాకు 1989 నాటి ఆ నర్సు జ్ఞప్తికి వచ్చినది. లేచి, “అమ్మా, ఒక్క క్షణము” అంటిమి. వైద్యుడు వచ్చి విని, మందు మార్చి, ఆ గడిని నింపించెను. మరునాడు వేరొక వైద్యుడు ఆ జాతి మందునే నమోదు చేయబోగా తెరపై ఎర్రని హెచ్చరిక వచ్చినది, ఆయన ఆగెను. నిన్న మౌనముగా నున్న యంత్రము నేడు పలికినది. దానికి చెప్పినదే అది మనకు చెప్పును.

మన తరములవారు ఇంట తెలుగును, వీధిలో ఒడియా, తమిళము, కన్నడము, మరాఠీలను మాటలాడుదురు. అయినను నొప్పి వచ్చినప్పుడు పెద్దవారి నోట తెలుగే వచ్చును. 'పడదు' అను మన చిన్నమాటలో ఎంత అర్థమున్నదో బల్లయొద్దనున్న పరాయి కుర్రవానికి ఎట్లు తెలియును? కావున ప్రతి కుటుంబమువారును పెద్దల కొరకు ఒక కాగితము వ్రాసి రేషను కార్డుతోపాటు ఉంచుకొనవలెనని మా మనవి. పడని మందు పేరు, అప్పుడేమి జరిగినది, ఇప్పుడు వాడుచున్న మందులు—వీనిని స్థానిక భాషలోను ఆంగ్లములోను వ్రాయుడు. ఆసుపత్రిలో దానిని చదివి వినిపించి, నమోదైనదా యని అడుగుడు. అడిగినచో ఎవరేమనుకొందురో యని సంకోచింపకుడు. మా చేతి తప్పు ఒక ప్రాణము తీయకుండుటకు ఒక నర్సు అడిగిన ఒక్క ప్రశ్నయే కారణము.